బుద్ధొచ్చిందా, పెన్షనొచ్చిందా?

ప్రశ్న:

నాకు 64 ఏళ్లు. తమిళనాడు సరిహద్దు మండలాల్లో ముప్పై రెండేళ్లు బడి అయ్యవారిగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాం. ఎస్వీ యూనివర్సిటీలో చదివే రోజుల్లో వామపక్ష విద్యార్థి సంఘంలో తిరిగాను, గోడల మీద రాతలు రాశాను. కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు మా నాయన 'జనాన్ని సోమరిపోతుల్ని చేస్తున్నారు' అంటే ఆయనతో పెద్ద గొడవేసుకున్నాను. 'నా వయసొస్తే నీకే తెలుస్తుందిలేరా' అన్నాడాయన. ఇప్పుడు అదే మాట నా నోట్లోంచి వస్తోంది. ఉచిత పథకాల పేరెత్తితే ఒళ్లు మండుతోంది.

పొద్దున యూనివర్సిటీ గ్రౌండులో నాతో నడిచేవాళ్లు 'సారుకు ఇప్పటికి బుద్ధొచ్చింది' అంటారు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయికి 31 ఏళ్లు. 'బుద్ధి కాదు నాన్నా, పెన్షనొచ్చింది' అంటుంది. ఈ తగవుతోనే సంక్రాంతికి వచ్చినది కనుమ నాడే బస్సెక్కింది. చిత్తూరులో నా పాత స్నేహితుడు ఒకడున్నాడు. నలభై ఏళ్లుగా వాడిది అదే జెండా. ఆదివారమైతే సంఘం ఆఫీసులోనే ఉంటాడు. పోయిన ఏడాది టీ అంగడి దగ్గర మాటా మాటా పెరిగి నాతో మాట్లాడ్డం మానేశాడు. వయసుతో మనిషికి నిజంగా వివేకం పెరుగుతుందా? ఓపిక తగ్గి, దానికే వివేకమని పేరు పెట్టుకుంటున్నామా? వాడితో మళ్లీ ఎట్లా కలవాలి?

— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తిరుపతి

సమాధానం:

అయ్యవారూ,

మీ అమ్మాయి మాట పదునుగా ఉంది, వాకింగ్ మిత్రుల మాట తియ్యగా ఉంది. రెంటికీ అడుగున ఉన్న నమ్మకం మాత్రం ఒకటే. వయసు మీద పడితే మనిషి తనంతట తానే ఒకవైపు ఒరిగిపోతాడని ఇద్దరూ అనుకుంటున్నారు. ఒకరు దానికి జ్ఞానమని పేరు పెట్టారు, ఇంకొకరు స్వార్థమని పెట్టారు. ముందు ఆ నమ్మకం సంగతి తేల్చుకుందాం.

'ఇరవయ్యేళ్లకు కమ్యూనిస్టు కానివాడికి గుండె లేదు, నలభై దాటినా కమ్యూనిస్టుగానే ఉన్నవాడికి బుర్ర లేదు' అనే మాట మీ వాట్సాప్ గ్రూపులో కూడా తిరిగే ఉంటుంది. కింద చర్చిల్ పేరు వేస్తారు. ఆయన అన్నట్టు ఆధారమేమీ లేదు. ఆయన బతుకు చూస్తే ఆ మాట ఆయన నోట రావడమే కష్టం. 1900లో కన్జర్వేటివ్ పార్టీ తరఫున పార్లమెంటుకు వెళ్లేనాటికి పాతికేళ్ల కుర్రాడు. 1904లో లిబరల్ పార్టీలోకి దూకాడు, 1924కల్లా మళ్లీ పాత గూటికే చేరాడు. గుండె, బుర్ర లెక్కలో ఆయన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో ఆ మెసేజి పంపేవాళ్లే చెప్పాలి.

అంత దూరం ఎందుకు, మన చిత్తూరు పార్లమెంటు సీటు సంగతే చూడండి. 1962లో ఇక్కడ గెలిచిన అనంతశయనం అయ్యంగార్ బీహారు గవర్నరుగా వెళ్లిపోతే ఉపఎన్నిక వచ్చింది. అందులో స్వతంత్ర పార్టీ తరఫున రైతు నాయకుడు ఎన్.జి. రంగా గెలిచారు. కాంగ్రెస్ మనిషిగా ఉన్న రంగా 1951లో బయటికొచ్చి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు, మళ్లీ కాంగ్రెస్‌లో కలిశారు, 1959లో మళ్లీ బయటికొచ్చి రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. ఆఖరికి మళ్లీ కాంగ్రెస్‌కే వచ్చి, 1980లో గుంటూరు నుంచి లోక్‌సభకు వెళ్లారు. అప్పటికి ఆయనకు ఎనభై దగ్గర పడుతోంది. రాజాజీకైతే స్వతంత్ర పార్టీ పెట్టేనాటికే ఎనభై. ఆ వయసులో కాశీకి పోదామా రామేశ్వరానికి పోదామా అనుకునేవాళ్లను చూశాం గానీ, నెహ్రూతో తగువు పెట్టుకుని కొత్త పార్టీ మొదలుపెట్టినవాళ్లను ఎంతమందిని చూశాం?

రంగా ఇన్ని జెండాలు మార్చారు కదా, ఆయనలో మారనిది ఒకటుంది. భూమి రైతు చేతిలోనే ఉండాలన్న పట్టుదల. 1959 జనవరిలో నాగపూరులో కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యానికి తీర్మానం చేసింది. ఆయన బయటికి నడిచింది దాని మీదే. పార్టీ మారడం, అభిప్రాయం మారడం వేరువేరు సంగతులు. మన రచ్చబండ మీద రెండూ కలిపే తిడతారు. జెండా మారకుండా లోపలి మనిషి పూర్తిగా మారిపోయిన సందర్భాలు కూడా ఉంటాయి. మీ చిత్తూరు స్నేహితుడి దగ్గరికి వచ్చినప్పుడు ఈ ముక్క మళ్లీ అవసరమవుతుంది.

ఇక వయసు సంగతి. అమెరికాలో బెన్నింగ్టన్ అని అప్పట్లో ఆడపిల్లల కాలేజీ ఒకటుండేది. 1930లలో థియోడర్ న్యూకోంబ్ అనే ఆచార్యుడు అక్కడి విద్యార్థినుల రాజకీయ అభిప్రాయాలు సేకరించాడు. సంప్రదాయవాద కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలు అక్కడి వాతావరణంలో ఉదారవాదులుగా మారారు. పాతికేళ్ల తర్వాత వాళ్లనే వెతికి పట్టుకుని మళ్లీ అడిగారు, 1984లో మరోసారి అడిగారు. చాలామంది కాలేజీలో పట్టుకున్న దారిలోనే ఉన్నారు. ఇరవైలలో పట్టుకున్న అభిప్రాయం అంత తేలిగ్గా వదలదని తర్వాతి పరిశోధనలూ చెబుతున్నాయి. మారే కొద్దిమందిలో సంప్రదాయం వైపు జరిగేవాళ్లే కాస్త ఎక్కువన్నదీ నిజమే. ఆ మేరకు మీ మిత్రులకు ఒక మార్కు వేయొచ్చు.

బెన్నింగ్టన్‌లో నాకు ముఖ్యంగా తోచేది ఇంకొకటి. పెళ్లయ్యాక ఆ ఆడవాళ్లు అభిప్రాయం నిలబెట్టుకున్నారంటే భర్త, స్నేహితులు, చుట్టూ ఉన్నవాళ్లు అదే తరహా మనుషులు కావడం దానికి పెద్ద కారణమని న్యూకోంబ్ తేల్చాడు. పక్కన కూర్చునేవాళ్ల బలం అంతటిది. ఆ లెక్కన మిమ్మల్ని ఒకటి అడగాలి. సర్వీసులో ఉన్నప్పుడు మీ చుట్టూ ఎవరున్నారు? కూలికి పోతూ పోతూ పిల్లను బడిలో దించే తల్లులు, అప్పు చేసి కాపీ పుస్తకాలు కొనే తండ్రులు. రిటైరయ్యాక ఎవరున్నారు? పొద్దున గ్రౌండులో నాలుగు రౌండ్లు నడిచి, ప్లాట్ల రేట్లు మాట్లాడుకుని, మిగిలిన టైములో ఫోను చూసుకునే పెద్దమనుషులు. మీరు మారారా, మీ పక్కనున్నవాళ్లు మారారా అన్నది చూసుకోకుండా వివేకమనో స్వార్థమనో తేల్చేయలేం. వాళ్లు చెడ్డవాళ్లని నేననడం లేదు. ఒక్క రకం మనుషుల మధ్యే ఉంటే వాళ్ల కోపం మన కోపమైపోతుంది, అదెప్పుడు జరిగిందో కూడా తెలియదు.

వివేకం గురించి కూడా పరిశోధనలు జరిగాయి. ఇగోర్ గ్రాస్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2010లో ప్రచురించిన పనిలో వేర్వేరు వయసులవాళ్లకు తగవుల కథలు ఇచ్చి 'ఇప్పుడేమవుతుంది, ఎందుకవుతుంది' అని అడిగారు. వాటిలో పేపర్లో సలహాల శీర్షికకు వచ్చిన నిజమైన ఉత్తరాలు కూడా ఉన్నాయి. అంటే మీ ఉత్తరంలాంటివే! అవతలివాడి వైపు నుంచి చూడడంలో, రాజీకి చోటివ్వడంలో, 'మనకు తెలియని సంగతులుండొచ్చు' అని ఒప్పుకోవడంలో పెద్దవాళ్లు కుర్రవాళ్ల కంటే మెరుగ్గా తేలారు. కాబట్టి వయసుతో వచ్చేది ఏమీ లేదని చెప్పలేను.

అయితే దీనికో మెలిక ఉంది. అదే గ్రాస్‌మన్ తర్వాత చేసిన ఇంకో పనిలో, మనిషి స్నేహితుడి కష్టం గురించి ఆలోచించినంత తెలివిగా తన సొంత కష్టం గురించి ఆలోచించడని తేలింది. అందులో అరవై దాటినవాళ్లు కూడా కుర్రవాళ్లలాంటివాళ్లే. సొంత సంగతిని ఎవరో మూడో మనిషి సంగతి అనుకుని ఆలోచించినప్పుడు మాత్రం ఆ తేడా పోయింది. మీరు కూడా ఒక పని చేయండి. నాకు రాసిన ఉత్తరాన్ని 'నేను' అన్నచోటల్లా 'ఆ రిటైర్డ్ అయ్యవారు' అని మార్చి మళ్లీ చదవండి. ఆయనకు మీరేం సలహా ఇస్తారు? నా సలహా కంటే అదే మెరుగ్గా ఉండొచ్చు.

మన మామిడి మండీల్లో చూసిందే. గడ్డిలో మాగేసిన కాయ లోపలి నుంచి పండుతుంది. కార్బైడ్ పెట్టిన కాయకు తొందరగా రంగొస్తుంది, కొరికితే పులుపే. మీ అభిప్రాయానికి రంగు వచ్చింది, అది కనిపిస్తూనే ఉంది. లోపల ఏముందో చూడాలంటే పెన్షన్ గురించి మాట్లాడక తప్పదు. మీ అమ్మాయి సగం మాటతో వదిలేసింది, మిగతా సగం నేను చెబుతాను.

ప్రతి నెలా ఒకటో తేదీ వస్తుందంటే మీరు బ్యాంకు మెసేజి కోసం చూస్తారు. అదే ఒకటో తేదీ పొద్దున్నే మీ వీధిలో ఎవరో ఒక ముసలమ్మ ఇంటికి వార్డు సచివాలయం ఉద్యోగి వస్తాడు, వేలిముద్ర వేయించుకుని నాలుగు వేలు చేతిలో పెట్టి పోతాడు. 2024 జులై దాకా అది మూడు వేలే. మీకొచ్చేది దానికి ఎన్ని రెట్లో మీకే తెలుసు. రెండూ ఒకే ఖజానా డబ్బు. మీ మిత్రులు గ్రౌండులో తిట్టేది ఆ నాలుగు వేలను. మీది మాత్రం ఆ తిట్లలోకి రాదు, ఎందుకంటే అది పనిచేసి సంపాదించుకున్న హక్కు. హక్కే, నేను కాదనను. కానీ ఆ ముసలమ్మ కూడా నలభై యాభై ఏళ్లు ఎండలో పనిచేసే ఉంటుంది. ఆమెకు సర్వీసు రిజిస్టరు రాసి పెట్టినవాళ్లు లేరు, అంతే. ఇంకో మాట, 2004 సెప్టెంబరు నుంచి ఉద్యోగంలో చేరిన అయ్యవార్లకు మీలాంటి పెన్షన్ లేదు, జీతంలోంచి వాటా కట్టుకునే సీపీఎస్‌లో పడ్డారు. ఖజానా గురించి వాళ్లను మాట్లాడమంటే ఎవరిది ఉచితమో, ఎవరిది హక్కో వాళ్ల లెక్క వేరుగా ఉంటుంది.

ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. పెన్షన్ ఉన్నవాడు పథకాల గురించి మాట్లాడకూడదన్న మీ అమ్మాయి వాదన నాకు నచ్చలేదు కూడా. అట్లాగైతే ఈ రాష్ట్రంలో నోరెత్తగలిగేవాళ్లు ఎవరూ మిగలరు. మనిషికి లాభం ఎక్కడుందో చూపించినంత మాత్రాన అతని వాదన తప్పని తేలిపోదు. 'అప్పులు తెచ్చి పంచుకుంటూ పోతే బళ్లకు, కాలువలకు మిగిలేదేంటి' అని మీరు అడిగితే అది న్యాయమైన ప్రశ్న. హంద్రీ-నీవా కాలువ నీళ్ల కోసం మన ఉమ్మడి చిత్తూరు జిల్లా ఎన్నేళ్లు ఎదురుచూసిందో తెలిసినవాడెవడూ ఆ ప్రశ్నను కొట్టిపారేయడు. డబ్బు ముందు దేనికి పెట్టాలన్న దాని మీద నలభై ఏళ్ల తర్వాత మీ ఆలోచన మారితే దానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

నా పేచీ అంతా 'సోమరిపోతులు' అన్న మాటతోనే. అది లెక్కల మాట కాదు, జనం మీద తీర్పు. ఆ తీర్పు ఇవ్వడానికి మీరు ఏం చూశారు? నాకు తెలిసి మీరు చూసింది దానికి ఎదురుగా ఉంది. తమిళనాడులో ఎంజీఆర్ 1982లోనే బడి భోజనాన్ని పెద్ద ఎత్తున పెట్టారు. మన వైపు బళ్లలో వేడి అన్నం స్థిరపడింది 2003 జనవరి నుంచి. మీరు పనిచేసింది సరిహద్దు మండలాల్లో కాబట్టి రెండు వైపులా చూసుంటారు. అన్నం గిన్నెల పక్కన ఏళ్ల తరబడి నిలబడ్డారు. మధ్యాహ్నానికి కళ్లు తేలేసే పిల్ల, అన్నం పెట్టాక నాలుగు గంటల దాకా కుదురుగా కూర్చోవడం చూశారు. తమ్ముడి కోసమని గుడ్డు సంచిలో దాచుకున్న పిల్లకాయలను చూశారు. అదీ ఉచితమే కదా? దానితో ఆ పిల్లలు సోమరులయ్యారా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మీ దగ్గరున్నంత సాక్ష్యం టీవీలో అరిచేవాళ్లెవరి దగ్గరా లేదు. మీరు మాత్రం సొంత సాక్ష్యం పక్కన పెట్టి వాళ్ల మాట అరువు తెచ్చుకుంటున్నారు.

చూసి మారినవాళ్లు ఎట్లా ఉంటారో ఈ జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక పోరాటం లేచింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. అప్పటి మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకు రెండు రాష్ట్రాల సరిహద్దుంది. అటు నుంచి తమిళనాడు సరుకు, ఇటు నుంచి కర్ణాటక సరుకు. నిషేధం కోసం ఊరేగింపుల్లో నడిచినవాళ్లు ఇదంతా కళ్లారా చూసి, నిషేధంతో పని కాదన్న నిర్ణయానికి వచ్చారు. ఇంకొందరు అదే చూసి, సరిహద్దు కట్టడి చేయకపోవడమే తప్పు, నిషేధం మంచిదే అన్నారు. నేను రెండో వాళ్లతో పూర్తిగా ఏకీభవించను గానీ, ఇద్దరినీ గౌరవిస్తాను. ఏం చూసి ఆ నిర్ణయానికి వచ్చారో అడిగితే ఇద్దరూ ఊరి పేరుతో సహా చెప్పగలరు.

గాంధీ 1933లో 'హరిజన్' పత్రికలో ఒక మాట రాశారు. నా రాతల్లో ఒకదానికొకటి పొసగనివి కనిపిస్తే, ఒకే విషయం మీద రాసినవాటిలో తర్వాత రాసినదాన్నే తీసుకోండి అని దాని సారాంశం. అప్పటికి ఆయనకు అరవై దాటింది. కులాంతర వివాహాల మీద ఆయన ఎటు జరిగారో చూడండి. 1920ల మొదట్లో వాటిని అవసరమని ఒప్పుకోలేదు. చివరి ఏళ్లకు వచ్చేసరికి, పెళ్లికొడుకో పెళ్లికూతురో హరిజనులైతేనే ఆ పెళ్లికి ఆశీర్వాదం అన్నారు. వయసొస్తే అందరూ పాతకాలపు ఆలోచనల్లోకి పోతారనే మీ మిత్రులకు ఇది చెప్పండి. ఆ మార్పు ఆయనకు సుఖం ఇవ్వలేదు, సొంత మనుషుల్లోనే విరోధం తెచ్చింది. మీరు కూడా ఈ నలభై ఏళ్లలో మీ సౌకర్యానికి ఎదురుగా మార్చుకున్న అభిప్రాయం ఏదైనా ఉందేమో వెతకండి. ఆడపిల్ల చదువు గురించో, కులం గురించో, మీ అమ్మాయి బెంగళూరులో ఒంటరిగా ఉండడం గురించో. ఉండే ఉంటుంది. ఉంటే మీ అమ్మాయికి చెప్పండి. పిల్లలకు మనలో పుట్టిన కోపాలు కనిపిస్తాయి, మనం మింగేసిన కోపాలు కనిపించవు.

ఓపిక గురించి అడిగారు. ధర్నాకు పోవడం మానేశారంటే మోకాళ్లు సహకరించక మానేశారు. దాన్ని అభిప్రాయం ఖాతాలో వేసుకోకండి. అరుపు తగ్గినంత మాత్రాన వివేకం వచ్చిందనీ కాదు, అమ్ముడుపోయారనీ కాదు. ఎన్టీఆర్‌ను 1983లో గెలిపించిన తిరుపతే 2009లో చిరంజీవినీ గెలిపించింది. ఆ రెండు ఊరేగింపులకూ ఉరికినవాళ్లలో ఎంతోమంది ఇప్పుడు ఓటేయడానికి తప్ప ఇంటి అరుగు దిగడం లేదు.

మీ అమ్మాయితో మాట్లాడేటప్పుడు ఒక్క మాట మాత్రం వాడకండి: 'నా వయసొస్తే నీకే తెలుస్తుంది.' మీ నాయన ఆ మాట అన్నప్పుడు మీకెట్లా మండిందో మీరే రాశారు. ఆయన చెప్పింది తప్పో ఒప్పో మీకప్పుడు పట్టలేదు, తలుపు మూసేశాడన్నదే గుర్తుండిపోయింది. దాని బదులు మీరు చూసినవి చెప్పండి, ఆ అమ్మాయి చూసినవి అడగండి. బెంగళూరులో జీతం, అద్దె, కోసుకునే పన్ను చూసి ఆ అమ్మాయికీ కొన్ని అభిప్రాయాలు మారే ఉంటాయి, మీ ముందు ఒప్పుకోదంతే. ఈ జవాబు తనూ చదువుతుందనుకుంటున్నాను కాబట్టి ఒక మాట: అమ్మా, మారిన ప్రతివాడూ లాభం కోసమే మారాడని ఇప్పుడే తేల్చేస్తే, రేపు నువ్వు దేని గురించైనా మనసు మార్చుకోవాల్సి వచ్చినప్పుడు నీకే దారి ఉండదు.

ఇక చిత్తూరు స్నేహితుడు. నలభై ఏళ్లుగా అదే జెండా అని రాశారు. ఆ జెండా కింద ఆయన ఆలోచనలు ఎన్ని మారాయో మీరు ఎప్పుడైనా అడిగారా? రంగా సంగతి చెప్పింది ఇందుకే. సంఘంలో ఉన్నవాళ్లు తమ అనుమానాలు సంఘం బయట చెప్పుకోరు, చెప్పుకోవడానికి పాత స్నేహితుడే ఉండాలి. ఆ పాత స్నేహితుడు టీ అంగడిలో నలుగురి ముందు వాదనకు దిగితే ఆయన ఇంకేం చేస్తాడు? మీకు తిరుగుజవాబు చెప్పాడు, చుట్టూ ఉన్నవాళ్ల ముందు తన జెండా కాపాడుకున్నాడు.

ఆదివారం వెళ్లకండి, సంఘం ఆఫీసులో నలుగురి మధ్య దొరుకుతాడు. మామూలు రోజున వెళ్లండి. ముందు ఫోన్ చేస్తే ఎత్తకపోవచ్చు, వాళ్లింట్లో వాళ్లకు చెప్పి పొద్దున్నే బస్సెక్కండి. క్షమాపణ చెప్పాలనుకుంటే మీ అభిప్రాయానికి చెప్పకండి, నలుగురిలో అన్నందుకు చెప్పండి. పథకాల మాట ఆయనే ఎత్తితే బడి భోజనం రోజుల దగ్గర మొదలుపెట్టండి, అక్కడ మీ ఇద్దరికీ పేచీ ఉండదు. మధ్యాహ్నం భోజనానికి ఉండమంటే ఉండండి. ఉండమనకపోతే టీ తాగి వచ్చేయండి, వచ్చే నెల మళ్లీ వెళ్లండి.